కోడ్ ఉంది, కేసు రాదు

ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి 31 దాకా జీవిత బీమా బ్రాంచిల్లో ఒకటే మాట: క్లోజింగ్. డెవలప్‌మెంట్ ఆఫీసరు టేబుల్ మీద ఏజెంట్ల జాబితా ఉంటుంది. కొద్దిమంది పేర్ల ఎదుట అంకెలు నిండుగా ఉంటాయి. ఇంకొందరికి ఒకటో రెండో కేసులు. మిగతా పేజీ అంతా సున్నాలు. డి.ఓ. గారు ఫోన్ తీసి ఆ సున్నాల వాళ్లకు వరసగా చేస్తారు. "ఏం తమ్ముడూ, ఈసారైనా ఒక్క కేసు ఇవ్వవా?" "చూస్తున్నా సార్, ఒక పార్టీ ఉంది, సోమవారం రమ్మన్నాడు." సోమవారం వస్తుంది, పార్టీ రాదు. సాయంత్రం టీ తాగుతూ డి.ఓ. గారు తేల్చేస్తారు: "వీడికి ఇంట్రెస్టు లేదండీ."

ఈ తీర్పు బీమా వాళ్ల సొత్తేం కాదు. మందుల కంపెనీ ఏరియా మేనేజరు తన రెప్ గురించీ, చిట్టీల బ్రాంచి మేనేజరు తన ఏజెంటు గురించీ, ప్లాట్ల వెంచర్లో మార్కెటింగ్ డైరెక్టరు తన కింది అసోసియేట్ గురించీ, డైరెక్ట్ సెల్లింగ్‌లో అప్‌లైను తన డౌన్‌లైను గురించీ అనేది ఇదే. దీని మీద పరిశోధన ఉంది, పుస్తకాలున్నాయి, హోటల్ హాళ్లలో ఉపన్యాసాలున్నాయి, నష్టపోయినవాళ్ల అనుభవం అన్నిటికంటే ఎక్కువగా ఉంది. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది ఇది: ఇంట్రెస్టు లేదని కొట్టేసిన పేర్లలో చాలా భాగం ఆ జాబితాలోకి అసలు రాకూడనివి, కాకపోతే వచ్చాక పని నేర్పకుండా వదిలేసినవి. మిగిలిన కొద్దిమంది సంగతి వేరు. వాళ్ల దగ్గరికీ వద్దాం. బీమానే మధ్యలో పెట్టుకుంటున్నాను. అమ్మేవాళ్ల మీద జరిగిన మంచి పరిశోధనలో కొంత బీమా ఏజెంట్ల మీదే జరిగింది, మన ఊళ్లలో అందరికీ తెలిసిన అమ్మకపు వృత్తి కూడా అదే.

ముందు ఒక హెచ్చరిక. మేనేజ్‌మెంట్ క్లాసుల్లో చెప్పే ప్రేరణ సిద్ధాంతాలు అమ్మకాల వాళ్లను చూసి పుట్టినవి కావు. 1911లో టేలర్ చూసింది కర్మాగారాన్ని. 1924 నుంచి 1932 దాకా హాథోర్న్ ప్రయోగాలు జరిగింది టెలిఫోన్ పరికరాల ఫ్యాక్టరీలో. 1959లో హెర్జ్‌బర్గ్ మాట్లాడింది పిట్స్‌బర్గ్ ప్రాంతపు ఇంజనీర్లతో, అకౌంటెంట్లతో. వీళ్లందరూ పొద్దున్నే ఒక చోటికి వచ్చి, పక్కన పదిమందితో కలిసి పనిచేసి, నెల తిరిగేసరికి జీతం తీసుకునేవాళ్లు. ఏజెంటు అలా కాదు. మోటార్ సైకిల్ మీద ఒంటరిగా తిరుగుతాడు, రోజంతా "ఇప్పుడు కాదులెండి" అనిపించుకుంటాడు, ఇంటికెళ్లాక ఈ రోజు ఎంత వచ్చిందని భార్య అడిగితే చెప్పడానికేం ఉండదు. ఫ్యాక్టరీ సిద్ధాంతాన్ని తెచ్చి ఇతనికి తగిలిస్తే సగమే అతుకుతుంది.

అమ్మేవాళ్లనే తీసుకుని చేసిన పరిశీలనల్లో పాతదీ, ఇప్పటికీ పదునుగా ఉన్నదీ 1964లో మేయర్, గ్రీన్‌బర్గ్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం. అప్పటి అమెరికా బీమా రంగంలో చేరిన ఏజెంట్లలో సగానికి పైగా మొదటి ఏడాదిలోనే, దాదాపు 80 శాతం మూడేళ్లలోపే వెళ్లిపోతున్నారని వాళ్లు లెక్క చూపించారు. ఎదుటివాడి మనసు పట్టుకోగలగడం, అమ్మి తీరాలన్న లోపలి పట్టుదల, ఈ రెండూ లేనివాణ్ని చేర్చుకుని తర్వాత శిక్షణతో సరిచేద్దామనుకోవడం కంపెనీలు చేస్తున్న తప్పని వాళ్ల వాదన. అంటే తలుపు దగ్గరే చూసుకోమన్నారు.

ఇరవై ఏళ్ల తర్వాత, 1985లో, చర్చిల్, ఫోర్డ్, హార్ట్‌లీ, వాకర్ అనే నలుగురు అప్పటిదాకా వచ్చిన 116 అధ్యయనాలను ఒకచోట చేర్చి తూకం వేశారు. అమ్మకాల ఫలితంతో దేనికి ఎక్కువ సంబంధం ఉందన్నది ప్రశ్న. సగటున మొదటి స్థానంలో నిలిచింది తన పని ఏమిటో, తన నుంచి ఏం ఆశిస్తున్నారో మనిషికి స్పష్టంగా తెలియడం. రెండోది నైపుణ్యం. ప్రేరణ మూడోది. పైగా ఏ ఒక్కటీ సొంతంగా పెద్దగా వివరించలేదు. 2011లో వెర్బెకె బృందం కొత్త అధ్యయనాలతో ఇదే పని మళ్లీ చేసినప్పుడు కూడా సరుకు గురించీ ఖాతాదారు గురించీ ఉన్న తెలివిడి, మనిషిని బట్టి మాట మార్చుకోగలగడం, పని విషయంలో గందరగోళం లేకపోవడం ముందు వరసలో నిలిచాయి. పనిలో లీనమవడం ఆ వరసలో ఉంది కానీ ముందు లేదు.

దీన్ని మన బ్రాంచికి తెచ్చి చూడండి. కొత్త ఏజెంటు ఐసీ-38 అనే ఏజెంట్ల పరీక్ష రాస్తాడు, పాసవుతాడు, ఏజెన్సీ కోడ్ వస్తుంది, ఫొటో దిగుతారు. ఆ తర్వాత అతనికి అందే సూచన "బిజినెస్ తీసుకురా" అనే రెండు మాటలు. వారానికి ఎంతమందిని కలవాలి? మొదటిసారి కలిసినప్పుడు పాలసీ మాట ఎత్తాలా, వద్దా? "మా బావమరిది కూడా ఏజెంటే" అన్నవాడికి జవాబేమిటి? పాలసీలో మార్పుకూ (ఎండార్స్‌మెంటు), ఆగిన పాలసీ పునరుద్ధరణకూ (రివైవల్) కౌంటర్లో ఎవర్ని అడగాలి? ఇవేవీ ఎవరూ చెప్పరు. మూడు నెలలకు అతను ఆగిపోతాడు. ఆగిపోయాక మనం దానికి పెట్టే పేరు సోమరితనం.

ఇంకొక కథ ఉంది, ఇది పై అంకెల కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. 1961లో మెట్రొపాలిటన్ లైఫ్ కంపెనీకి న్యూయార్క్‌లోని రాకవే జిల్లా ఆఫీసులో ఆల్ఫ్రెడ్ ఓబర్‌ల్యాండర్ మేనేజరు. తన ఏజెంట్లను మూడు జట్లుగా విడగొట్టాడు. గట్టివాళ్లందర్నీ గట్టి అసిస్టెంట్ మేనేజరుకు, మధ్యరకం వాళ్లను మధ్యరకం మేనేజరుకు, వెనకబడినవాళ్లను అందరికంటే తక్కువ అనుకున్న మేనేజరుకు అప్పగించాడు. మొదటి జట్టు దూసుకుపోయింది. అడుగు జట్టు ఇంకా అడుగుకు పోయింది. ఇంతవరకూ ఎవరైనా ఊహించేదే. మధ్య జట్టు మాత్రం లెక్క తప్పించింది. దాని అసిస్టెంట్ మేనేజరు మొదటి జట్టు మేనేజరు కంటే తను తక్కువని గానీ, తన వాళ్లు వాళ్లకంటే తక్కువని గానీ ఒప్పుకోలేదు. వాళ్లను మించిపోతామని ఏజెంట్లతో అంటూ వచ్చారు. అమ్మకం మొత్తంలో మించకపోయినా, ఏటేటా పెరిగిన శాతంలో ఆ జట్టే ముందుంది. 1969లో స్టెర్లింగ్ లివింగ్‌స్టన్ ఈ ఉదంతాన్ని రాశాక మేనేజర్లందరూ మొదటి జట్టు సంగతే చెప్పుకున్నారు. నాకు మాత్రం మూడో జట్టు మీద జాలి. వాళ్లలో ఎంతమంది నిజంగా పనికిరానివాళ్లు, ఎంతమంది వెనకబడినవాళ్ల గదిలో కూర్చోబెట్టినట్టు విడగొట్టడం వల్ల అలా అయ్యారు? ప్రయోగం అలా జరిగింది కాబట్టి అది తేలదు. మన బ్రాంచిల్లో ఎక్కువ అమ్మిన క్లబ్ మెంబర్లను వేదిక మీద కూర్చోబెట్టి, సున్నా వాళ్ల జాబితాను నోటీసు బోర్డు మీద అంటించడం కూడా అదే గది కట్టడం.

ఇక మన నేల మీద కోడ్ ఉండి కేసు రానివాళ్లు ఎవరు?

మొదట, రాకూడనివాళ్లు. డి.ఓ. జీతానికీ అతని ఏజెంట్లు తెచ్చే మొదటి ఏడాది ప్రీమియానికీ నిబంధనల్లోనే ముడి ఉంది. కొత్త ఏజెంట్లను చేర్చడం కూడా అతని టార్గెట్టే. టార్గెట్ ఉన్నచోట పేర్లు దొరుకుతాయి. పక్కింటి డిగ్రీ కుర్రాడు, బంధువుల అమ్మాయి, కిరాణా షాపాయన. ఇంకొక రకం మనందరికీ తెలుసు: భర్త ప్రభుత్వ ఉద్యోగి, బడిలో సార్, ఏజెన్సీ భార్య పేరున. బిజినెస్ చేసేది ఆయన, సంతకం ఆమెది. ఆయన బదిలీ మీద ఊరు మారాడంటే ఆ కోడ్ పడుకుంటుంది. ఆమెకు ఫోన్ చేసి ఉత్సాహపరచడంలో అర్థం లేదు, ఆమె ఎన్నడూ ఏజెంటు కాదు. తమ ఇంటి పాలసీల కమిషన్ తమకే మిగులుతుందని కోడ్ తీసుకున్నవాళ్లు కూడా ఈ వరసలోకే వస్తారు. ఇలాంటి పేర్లు ఎన్ని ఉంటే అంత పెద్ద టీము అనిపిస్తుంది, అంతే.

రెండోవాళ్లు బాగా మొదలుపెట్టి ఆగినవాళ్లు. వీళ్ల దగ్గర కాస్త ఆగాలి. మన దగ్గర అమ్మకం మొదలయ్యేది చుట్టరికంతో. మేనమామకొకటి, బాబాయికొకటి, క్లాస్‌మేట్‌కొకటి. ఆరు నెలలు గబగబా కేసులు వస్తాయి, బ్రాంచిలో చప్పట్లు కొడతారు. తర్వాత బావి ఎండుతుంది. ఎందుకంటే అతను నేర్చుకుంది అమ్మడం కాదు, మొహమాటపెట్టడం. తెలియని మనిషి గుమ్మం ముందు నిలబడి మాట మొదలుపెట్టడం అతనికి ఎవరూ నేర్పలేదు. దానితో పాటు ఇంకో బరువు కూడా నెత్తిన పడుతుంది. మొహమాటానికి పాలసీ కట్టిన బాబాయి రెండో ఏడాది ప్రీమియం ఆపేస్తాడు, పెళ్లిలో కనబడితే "ఏరా, నీ పాలసీ ఏమైంది?" అంటాడు. కుర్రాడు పెళ్లిళ్లకు వెళ్లడం తగ్గిస్తాడు. ఇతనికి డి.ఓ. చేయగలిగిన మేలు ఒక్కటే: జాయింట్ కాల్. తన బండి మీద ఎక్కించుకుని, తెలియని వీధిలో, తెలియని మనిషి దగ్గరికి వెళ్లి, తను మాట్లాడుతుంటే వినమనడం. తర్వాత కుర్రాడు మాట్లాడుతుంటే తను నోరు మూసుకుని కూర్చోవడం. ఈ రెండోది చాలామంది సీనియర్లకు చేతకాదు. మధ్యలో దూరి కేసు క్లోజ్ చేసేస్తారు. కేసు వస్తుంది, ఏజెంటు తయారవడు.

మూడోవాళ్లు పాతకాపులు. ఇరవై ఏళ్లు తిరిగారు, ఊళ్లో సగం ఇళ్లలో వాళ్లు రాసిన పాలసీలున్నాయి, రెన్యువల్ కమిషన్ నెలనెలా ఖాతాలో పడుతుంది. ఇప్పుడు కొత్త కేసు కోసం ఎండలో తిరగరు. ఎందుకు తిరగాలి? 1938 బీమా చట్టం ఆ రెన్యువల్ హక్కును కాపాడింది, ఏజెంటు పోయాక వారసులకు అందేలా కూడా చూసింది. వాళ్లు సోమరులు కారు, పని ముగించినవాళ్లు. వాళ్లను మార్చి నెలలో కసరడం అమర్యాద మాత్రమే కాదు, తెలివితక్కువ కూడా. వాళ్ల దగ్గరున్నది ఊరి నమ్మకం. కొత్త కుర్రాణ్ని వెంట తిప్పమంటే కొందరు సంతోషంగా తిప్పుతారు.

డబ్బు సంగతికి వద్దాం. ఎడ్వర్డ్ లేజియర్ 2000లో సేఫ్‌లైట్ అనే కారు అద్దాల కంపెనీ మీద రాసిన అధ్యయనం ఈ చర్చలో తరచూ వినిపిస్తుంది. గంటల లెక్క జీతం నుంచి బిగించిన అద్దానికింత అనే పద్ధతికి మారాక ఉత్పాదకత 44 శాతం పెరిగింది. అందులో సుమారు సగం ఉన్నవాళ్లు ఎక్కువ పని చేయడం వల్ల. మిగతాది చురుకైనవాళ్లు వచ్చి చేరడం, బహుశా ఉన్న చురుకైనవాళ్లు వెళ్లిపోకుండా నిలవడం వల్ల. అంటే కమిషన్ మనిషిని మార్చినంతగానే మనుషుల్ని కూడా మార్చేస్తుంది. అయితే అద్దం బిగించడంలో "వద్దు" అనేవాడు ఎదురుగా ఉండడు, కాబట్టి పోలికను ఎక్కువ సాగదీయకూడదు. అమ్మకాల మీదే పనిచేసిన స్టీన్‌బర్గ్, అహెర్న్ 2012లో చెప్పింది మనకు దగ్గరగా ఉంది: చురుకైనవాళ్లకు కమిషన్ మీద పరిమితి పెట్టొద్దు, మధ్యవాళ్లకు మెట్లు మెట్లుగా టార్గెట్లు పెట్టండి, వెనకబడినవాళ్లకు ఏడాది చివర ఒకే పెద్ద బోనస్ కాక మూణ్నెల్లకోసారి చిన్నవి ఇవ్వండి. మార్చిలో నిద్రలేచే మన అలవాటుకు ఇది సరైన మందు. ఏడాదంతా ఒకే గడువైతే, వెనకబడినవాడు జనవరికల్లా చేతులెత్తేస్తాడు.

జీవిత బీమాలో చాలాకాలం మొదటి ఏడాది కమిషన్ దీర్ఘకాలిక పాలసీల మీద బోనస్‌తో కలిపి 35 శాతం దాకా ఉండేది, తర్వాతి ఏళ్లలో 7.5, ఆపైన 5 శాతం. పాతవాడికి ఇది పింఛను. కొత్తవాడికి మాత్రం కేసు లేని నెలలో బండి పెట్రోలుకు కూడా రాదు. 2024 డిసెంబరు 9న పానిపట్‌లో మొదలైన బీమా సఖి పథకం ఈ లోటునే పట్టుకుంది. పదో తరగతి పాసైన మహిళలకు మొదటి ఏడాది నెలకు రూ.7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000 స్టైపెండ్, కమిషన్ దానికి అదనం. ఏడాదికి 24 పాలసీలు చేయాలి. మొదటి ఏడాది చేసిన వాటిలో 65 శాతం బతికుంటేనే రెండో ఏడాది స్టైపెండ్. ఆ 65 శాతం షరతు పెట్టినవాళ్లకు అమ్మకాల లోగుట్టు బాగా తెలుసు.

ఎందుకంటే ఒత్తిడికి వచ్చే కేసు ఎలా ఉంటుందో బ్రాంచిలో అందరికీ తెలుసు. ఆసక్తి లేనివాణ్ని బెదిరిస్తే ఆసక్తి రాదు, పాలసీ వస్తుంది. "మొదటి ప్రీమియం నేనే కడతా, మీరు సంతకం పెట్టండి చాలు." బీమా చట్టం 41వ సెక్షన్ కింద ఈ రిబేటు చట్టవిరుద్ధం, పది లక్షల దాకా జరిమానా. అయినా మార్చి చివరి వారంలో ఇది ఎంత మామూలో చెప్పనక్కర్లేదు. ఆ పాలసీ రెండో ఏడాది ల్యాప్స్. 13వ నెల పెర్సిస్టెన్సీ, అంటే ఏడాది దాటాక కూడా నడుస్తున్న పాలసీల శాతం, పడిపోతే అప్పుడు ఇంకో మీటింగ్. దీన్ని బ్యాంకు స్థాయికి పెంచితే ఏమవుతుందో వెల్స్ ఫార్గో చూపించింది. కింది ఉద్యోగుల మీద అమ్మకాల టార్గెట్లు తొక్కిపెడితే వాళ్లు ఖాతాదారులకు తెలియకుండా లక్షల కొద్దీ ఖాతాలు తెరిచారు. సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి, 2016లో ఆ బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. ఏటా అడుగున ఉన్న పది శాతాన్ని తీసేయాలన్న జనరల్ ఎలక్ట్రిక్ మాజీ అధిపతి జాక్ వెల్చ్ పద్ధతిని ఇప్పటికీ కొందరు మేనేజర్లు భక్తిగా తలుచుకుంటారు. ఉద్యోగుల్ని వరసలో నిలబెట్టి మార్కులేసే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013లోనే వదిలేసింది.

డైరెక్ట్ సెల్లింగ్‌లో కదలనివాళ్ల సమస్యకు వేరే జవాబుంది, దాన్ని నేను ఒప్పుకోను. "చచ్చిన లైన్లను మోయొద్దు, పరిగెత్తేవాళ్లను వెతుకు" అని అప్‌లైన్లు చెబుతారు. చేర్చుతూ పో, ఆగినవాణ్ని వదిలేయి. గొలుసు పైనున్నవాడికి ఇది లాభమే. కింద ఆగినవాడు మాత్రం సరుకు కొని, బంధువుల్ని చేర్చి, మాట పోగొట్టుకుని మిగులుతాడు. కదలని మనుషులు ఎక్కువగా పోగుపడటం ఆ నిర్మాణంలోనే ఉంది, ఎందుకంటే ప్రతివాడి కిందా మరికొందరు కావాలంటే ఊరు చాలదు. తెలుగునాట దీనికి కోర్టు చరిత్ర కూడా ఉంది. ఆమ్‌వే పథకం 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం కిందికి వస్తుందని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో చెప్పింది. ఆ చట్టం కిందే 2014 మేలో మన పోలీసులు ఆ కంపెనీ భారత అధిపతిని అరెస్టు చేశారు. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు పిరమిడ్ పద్ధతిని నిషేధించాయి. ఇలాంటి చోట టీము కదలడం లేదంటే నాయకుడు బాధపడాల్సింది వాళ్ల బద్ధకం గురించి కాదు. ఒక్కోసారి ఆగినవాడే ముందుగా లెక్క చూసుకున్నవాడు. డైరెక్ట్ సెల్లింగ్ కాకపోయినా, డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్ కంపెనీ సంగతీ ఇలాంటిదే: అది కూలినప్పుడు సుమారు 32 లక్షల మంది డిపాజిటర్ల సొమ్ము ఇరుక్కుంది, వాళ్ల ముందు మొహం చూపించాల్సి వచ్చింది ఊళ్లోనే ఉన్న ఏజెంట్లకు. బాగా ఉత్సాహంగా పనిచేసినవాళ్లే ఎక్కువ నలిగారు.

ఇక మోటివేషన్ క్లాసులు. బి.వి. పట్టాభిరామ్ వేదిక ఎక్కితే హాలు నిండేది. యండమూరి వీరేంద్రనాథ్ "విజయానికి ఐదు మెట్లు" చదవని సేల్స్‌మన్ ఒక తరంలో అరుదు. వాళ్లిద్దరి మీదా నాకు గౌరవమే. క్లాసు అయిన వారం పాటు ఫోన్లు ఎక్కువ చేస్తారన్నది కూడా నిజం. కానీ మాట్లాడటం రానివాడికి ధైర్యం చెప్పి పంపితే, అంతే ధైర్యంగా తప్పు మాట్లాడి వస్తాడు. మనసు పాత్ర లేదని కాదు. మెట్రొపాలిటన్ లైఫ్‌లోనే మార్టిన్ సెలిగ్‌మన్, పీటర్ షుల్మన్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో 103 మంది కొత్త ఏజెంట్లను చూశారు. "వద్దు" అన్న మాటను తన లోపంగా కాక ఆ రోజు సంగతిగా తీసుకునేవాళ్లు, మిగతా సగంతో పోలిస్తే రెండింతలు నిలిచారు, ఎక్కువ అమ్మారు. అయితే ఆ గుణాన్ని వాళ్లు కొలిచింది చేర్చుకునేటప్పుడు. అక్కడా దారి తలుపు దగ్గరికే వెళ్తోంది.

అన్నీ చేశాక కూడా కదలనివాడు ఉంటాడు. పని స్పష్టంగా చెప్పారు, వెంట తిరిగారు, మూణ్నెల్ల చిన్న టార్గెట్ పెట్టారు, అయినా రాలేదు. అతనితో కూర్చుని "ఇది నీకు పడటం లేదు బాబూ, ఇంకేదైనా చూసుకో" అని చెప్పడం కష్టమే, ముఖ్యంగా అతను మీ చుట్టమైతే. జీతమిచ్చి పెట్టుకున్న మనిషైతే కంపెనీ ఖర్చు తొందరపెడుతుంది. కమిషన్ ఏజెంటు దగ్గర ఆ తొందర ఉండదు. కోడ్ పడి ఉంటే నష్టమేమిటనుకుంటారు, ఏడాదికి కనీసం 12 మందికి పాలసీ చేయాలన్న నిబంధన వచ్చి తీసేసేదాకా ఆగుతారు. నష్టం ఉంది. నాయకుడి చేతిలో ఉన్న అసలు సరుకు అతని సాయంత్రాలు. మధ్యలో ఉన్న కుర్రాడితో జాయింట్ కాల్‌కు వెళ్లాల్సిన సాయంత్రం సున్నా వాడికి ఫోన్లు చేయడంలో పోతుంది.

ఇంకో నష్టం ఎవరూ లెక్కవేయరు. ఏజెన్సీ రద్దయ్యాక అతను చేసిన పాలసీలు మిగులుతాయి. బ్రాంచిల్లో వాటిని ఆర్ఫన్ పాలసీలంటారు. ప్రీమియం గడువు గుర్తుచేసేవాడుండడు, నామినీ మార్పించేవాడుండడు, క్లెయిము వస్తే కాగితాలు పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడేది ఆ ఇంటి ఆడమనిషి. ఏజెంటును వదులుకునే రోజునే అతని పాలసీల జాబితా తీసి, ఏ ఇంటిని ఎవరు చూసుకోవాలో పేరుపేరునా పంచే డి.ఓ.లు కొందరున్నారు. ఆ జాబితా అందుకున్న కొత్త ఏజెంటుకు ఒక్క దెబ్బకు తెలియని గుమ్మాలు ముప్పయ్యో నలభయ్యో దొరుకుతాయి, వెళ్లడానికి కారణం కూడా చేతిలో ఉంటుంది: "మీ పాలసీ ఇకనుంచి నేను చూసుకుంటానండీ."